చెవి మిషన్

ఆయమ్మని ఎందుకు నిలదీస్తారక్కా? పదహారేళ్ళుగా ఈ ఎమర్జెన్సీలో గదులు తుడుస్తోంది, ఒక్క దూది ఉండైనా మాయమైందా? హెడ్ నర్సు కుర్చీలో ఉన్నారు కాబట్టి అడుగుతారు, కాదనను. కానీ ఆవిడ మీద దొంగతనం వేస్తే మన కళ్ళు పోతాయి. ఆ తలుపు దగ్గరగా వెయ్యండి, చెప్తాను.

మూడో మంచం పెద్దాయన. పొద్దున వచ్చేసరికే ఎగశ్వాస. మన పద్ధతి మీకు తెలియందా? రాగానే చొక్కా కత్తిరించి, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, ఒంటిమీదున్నవన్నీ తీసి కవర్లో వెయ్యడం, చీటీలో రాయడం. నేనే తీశా, నేనే రాశా. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి, ఏం తీశానో బుర్రకెక్కలేదు.

డాక్టరుగారు ఇక లాభం లేదు, బాధ లేకుండా చూడండి చాలన్నారు. తెర లాగి, కూతుర్ని పిలిచి స్టూలు వేశా. "నాన్నకి వినపడుతుందా సిస్టర్?" అని అడిగింది.

మనం అందరికీ చెప్పేదే చెప్పా. వినికిడి ఆఖరిదాకా ఉంటుందమ్మా, మాట్లాడు అని.

మాట్లాడిందక్కా. అరగంట. ఆరేళ్ళుగా ఆయనతో మాటల్లేవట. "తప్పు నాదే నాన్నా, కోపం పెట్టుకుని వెళ్ళకు" అని. పక్క మంచాలవాళ్ళు వింటారని సిగ్గు, అంతా గుసగుసే.

అంతసేపూ మంచం కింద ఏదో సన్నగా కూస్తూనే ఉంది. మానిటరో, సెలైన్ పంపో అనుకున్నా. మన చెవులకి కూతలు కొత్తా?

ఆయన పోయాక మంచం కింద పెట్టిన కవరు విప్పితే చెవి మిషన్. ఆపకుండానే పడేశాను, ఆ కూత దానిదే. తిరిగి చెవిలో పెట్టడం ఎంత పనక్కా, ఒక్క నిమిషం.

జేబులో వేసుకున్నా. మరేం చెయ్యను, కవర్లో చూస్తే ఆయన చెవిలో లేదని ఆ అమ్మాయికి తెలిసిపోదూ? కవరు అందుకుంటూ ఆ అమ్మాయి మిషన్ ఏదంది. ఆఖరిదాకా చెవిలోనే ఉందమ్మా, ఒళ్ళు తుడిచేటప్పుడు ఎక్కడో జారిపోయింది అనేశా. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "అయితే నాన్న అంతా విన్నాడు" అంది.

దాన్ని గుర్తుగా దాచుకుంటానని మీ దగ్గరికొచ్చింది, మీరు ఆయమ్మ మీద పడ్డారు. ఇప్పుడా చీటీ బయటికి తీస్తే అందులో నా రాతే ఉంది. మిషన్ తీసిన టైముతో సహా. ఆయన పోవడానికి గంట ముందు.

నేనే దొంగనని రాయండి. ఉద్యోగం పోతే పోనీ. చీటీ మాత్రం ఆ పిల్ల కంట పడనివ్వకండి.

ఏంటలా చూస్తున్నారు, ఆ కూత ఎక్కడిదనా? నా జేబులోదే. ఆపెయ్యడానికి చెయ్యి రావట్లేదక్కా.