కొండ వెనక మోటారు

అయ్యో, అలా లాగకే తల్లీ, ఆ కొండ ఊడి రాదు. మీ తాతయ్య అంటించిన పని అది. చేపల తొట్టి మూత తీసి ఎడంపక్క తడిమి చూడు, ఒక రాయి కదులుతుంది. ఆ, వచ్చిందా? దాని వెనకే ఉంటుంది మోటారు. ఏది దాచినా మళ్ళీ తీసుకోవడానికి దారి ఉంచేవారు, ఆ మాట ఒప్పుకోవాలి. కొత్తది పెడతానన్నావుగా, పెట్టు. నాకేం తొందర లేదు.

నాటకాలకి తెరలు వేసిన మనిషాయె. అడవి కావాలంటే అడవి, కోట కావాలంటే కోట. తెర వెనక తాడు ఒక్కటి జనానికి కనపడిందా, ఆయనకి తల కొట్టేసినట్టుండేది. పని మానేశాక ఏం తోచక ఈ తొట్టి కొన్నారు. చేపలు చూసి నేను మురిసిపోతుంటే ఈయన మొహం చిట్లించారు. "ఏవిటే ఇది, ఆసుపత్రిలో రోగిలా, గొట్టాలూ వైర్లూ!" అని. ఇంకేముంది, అవి కనపడకుండా కొండ కడతానని హాలు నిండా థర్మాకోల్ పొట్టు. చాకు కాల్చి కోయడం, దానిమీద సిమెంటు పూయడం, ఘాటు పోవాలని బకెట్లో నానబెట్టడం. నా బకెట్టే! "స్నానం ఎలా చెయ్యనండీ?" అంటే, "కొండలు తయారవుతుంటే స్నానం గొడవేంటే" అన్నారు. తీరా తొట్టిలో పెట్టి, పాత నాటకాల వాళ్ళందరినీ పిలిచి నీళ్ళు పోశారా, కొండ కాస్తా లేచి పైకి తేలింది! థర్మాకోల్ కదా మరి. అంటించాలన్న ఊసే మర్చిపోయారు మహానుభావుడు. హాస్యం వేషాలు వేసే అతనొకడుండేవాడు, "గురువుగారూ, పర్వతం నిష్క్రమించింది" అన్నాడు. నవ్వలేక చచ్చాం. ఈయన మాత్రం రెండ్రోజులు తొట్టి మొహం చూడలేదు.

ఏం చెప్తున్నాను? ఆ, మళ్ళీ అంటించారు. ఇదిగో, ఇప్పుడు నువ్వు చూస్తున్నది అదే. నీళ్ళు వెళ్ళడానికి అడుగున సందు పెడితే, ఓ పిల్ల చేప అందులోంచి దూరి కొండ వెనక కాపురం పెట్టింది. పట్టి ముందు వదిలితే మళ్ళీ వెనక్కే. "పోనీవే, అది ప్రాంప్టరు" అనేవారు, తెర వెనక నిలబడి మాటలందించేవాడు ఉంటాడే, అలాగన్నమాట. దాని మేత దానికి వెనకే వేసేవారు. ఇప్పుడది లేదు గానీ, నేను మాత్రం ఇప్పటికీ ఓ చిటికెడు అక్కడ వేస్తుంటాను. చెయ్యి అలవాటు పడిపోయింది, ఏం చెయ్యను.

అన్నీ దాచారు గానీ చప్పుడొక్కటి దాచలేకపోయారు. గుర్రుమని ఒకటే గోల. మోటారు కింద గుడ్డలు పెట్టారు, స్పాంజీ చుట్టారు, ఊహూఁ. "ప్రాంప్టరు గొంతు జనానికి వినపడుతుంటే అదేం నాటకమే!" అని ఆయన బాధ. పక్కమీద అటూ ఇటూ దొర్లుతూ దాన్నే తిట్టేవారు. పడుకోండి మహాప్రభో అనేదాన్ని. ఆఖర్లో ఆసుపత్రిలో ఆయనకే గొట్టాలు పెట్టారు, చూశావా. నేను గుమ్మంలో కనపడగానే దుప్పటి మెడదాకా లాక్కునేవారు. "చేపలకి మేత వేశావా?" అనేవారు, ఏమీ జరగనట్టు. నేనూ ఏమీ చూడనట్టే కూర్చునేదాన్ని. ఒక్కసారి, ఒక్కసారి ఆ దుప్పటి తీసి చెయ్యి పట్టుకుని ఉండాల్సింది, అనిపిస్తుంది తల్లీ. ఆయనకిష్టం ఉండదని ఊరుకున్నాను. ఆయన పోయాక ఇల్లంతా మూగబోయింది, ఇది మాత్రం గుర్రుమంటూనే ఉంది. విననిదే నాకు కన్ను మూతపడదు. పక్కన ఆయన ఇంకా విసుక్కుంటున్నట్టే ఉంటుంది.

ఏవిటీ, కొత్తది చప్పుడు చెయ్యదా? అస్సలా? ఆయనుంటే ఎగిరి గంతేసేవారే. పెట్టేశావూ? మరి స్విచ్చి వెయ్యి, చూద్దాం.

వేశావా?

నిజంగానే వేశావా?

ఆ. తిరుగుతోంది, నీళ్ళు కదులుతున్నాయి. బావుంది. ఆ పాతది పారెయ్యకు, తుడిచి ఇలా ఇవ్వు. ఉండు, నీకు టీ పెడతాను.