ఏది లిల్లీ, ఏది తుంగ

హలో… ఆ, నేనే వదినా, చెప్పండి.

…బాగానే ఉన్నాం. మీ తమ్ముడా? ఆయనిప్పుడు పెద్ద వ్యవసాయ శాస్త్రవేత్త!

…అయ్యో, ఉద్యోగం పోలేదండీ. సెలవు పెట్టారు. పెరట్లో కలుపు మీద యుద్ధం.

…నవ్వకండి. ఏదో వీడియో చూశారు. కలుపు పీకక్కర్లేదు, నేలకి ఎండ తగలకుండా కప్పేస్తే అదే చస్తుందట. ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేశారు. ముందు అట్టపెట్టెలు. మీరు పంపిన ఫ్యాను పెట్టెతో సహా. వాటి మీద ఎండుగడ్డి… దాన్నిండా గింజలు! కలుపు పోవడానికి ఆయనే విత్తనాలు చల్లినట్టయింది.

…ఊరుకుంటారా, మీ తమ్ముడు కదా! నల్ల ప్లాస్టిక్ పట్టా తెచ్చి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచి, మేకులు దిగ్గొట్టారు. మెలెయ్యడానికి మీసం ఒక్కటే తక్కువ.

…వానా? మొన్న బాగానే పడింది.

…లిల్లీలా?

…ఆ, లైన్లోనే ఉన్నా వదినా.

…అదే… అత్తయ్య వేసిన చోటు కూడా కప్పేశారు. ఎండాకాలం ఆకు కూడా ఉండదు కదా, ఖాళీ నేల అనుకున్నారు. దుంపలు లోపల నిద్రపోతాయని ఈయనకేం తెలుసు! ఆవిడ ఉన్నన్నాళ్లు అటు తొంగిచూస్తేగా!

…నేనా? చెప్పానండీ! ఆకే లేదు, అవి ఎప్పుడో చచ్చాయని నాకే పాఠం చెప్పారు.

…ఏడవకండి. వినండి ముందు. ఇవాళ పొద్దున పట్టా ఒకచోట ఉబ్బింది. పందికొక్కని కర్ర పట్టుకుని బయల్దేరారు మీ వీరుడు. రెండు దెబ్బలు వేశారు కూడా. కోసి చూస్తే… తెల్లగా పాలిపోయిన మొలకలు. 'ఇవి అమ్మవా?' అన్నారు. అంతే, అక్కడే కూలబడ్డారు.

…లేదు, అన్నీ పోలేదు. పట్టా లాగితే మిగతావి విరుగుతాయని భయం. కత్తెర పట్టుకుని ఒక్కో మొలక చుట్టూ కన్నం కోస్తున్నారు. అందులో సగం తుంగ! పట్టానైనా పొడుచుకొచ్చే కలుపది. ఆకు చూస్తే లిల్లీలాగే ఉంటుంది. ఏది అమ్మదో తెలియక అన్నిటికీ కన్నాలే!

…ఇవ్వలేను. చేతులు మట్టి… కాదులెండి, మాట్లాడే స్థితిలో లేరు.

— ఆ, వస్తున్నా!… ఏదీ?… అది తుంగేనండీ, చూస్తేనే తెలియట్లా!

…వదినా, పీకెయ్యమని చెప్పనా?

…

…సరే.

— ఉంచండి! మీ అక్కయ్య ఉంచమంటున్నారు!

పెట్టేస్తున్నా వదినా. ఇంకో కత్తెర వెతకాలి.