ఆకురాయి మామ బిగించిన లెన్స్

"లెన్స్ ఒక కంపెనీది, కెమెరా ఇంకో కంపెనీది. మెకానిక్కులందరూ చేతులెత్తేశారు. అప్పుడు తెచ్చారు నా దగ్గరికి!" అన్నాడు ఆకురాయి మామ, టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని. కెమెరాలు బాగుచేస్తాడు, చేతిలో ఎప్పుడూ ఆకురాయి ఉంటుంది, అందుకా పేరు. పొద్దుట్నుంచీ ముసురు. కదిలే దారిలేక వింటున్నాం.

"ఏం చేశావు మామా?" అన్నాడు దర్జీ.

"లెన్స్ వెనక అంచు ఊడదీసి, ఇత్తడి రింగు చేసి, కెమెరాకి కుదిరేదాకా అరగదీశా. ఎంత పల్చగానంటావ్? ఉల్లిపొర నయం! ఊపిరి తగిలి ఎగిరిపోతే చూరు మీంచి దించడానికి నిచ్చెన వెయ్యాల్సొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిగించి చూస్తే ఎదురు కొండ మీద చీమ! కాళ్ళు లెక్కపెట్టా, ఒకటి కుంటిది."

"మరీ కుంటి చీమా?"

"ఆగవయ్యా! ఇంకాస్త తిప్పితే కొండ అవతల ఒకాయన ఉత్తరం రాసుకుంటున్నాడు, అక్షరం తప్పు పడింది, ఇక్కణ్ణుంచి అరిచా, దిద్దుకున్నాడు. ఇంకాస్త తిప్పితే వచ్చే వారం కురవాల్సిన వాన. ఇంకాస్త తిప్పానా... పోయినవాళ్ళు! మా నాన్నతో సహా వరసగా నిలబడ్డారు. దగ్గరకి జరగమన్నా, జరిగారు. క్లిక్కుమనిపించా!"

మూల కూర్చున్న ఫోటోగ్రాఫర్ గ్లాసు కింద పెట్టాడు.

"బతికున్న మా అమ్మే పడలేదు మామా, అందులో."

మామ కాలు మీది కాలు దించాడు.

"ఆ లెన్స్ నాదే. మా నాన్న వాడింది. ఇంటిల్లిపాదినీ దాంతోనే తియ్యమంది అమ్మ. మంచం మీంచి లేపి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కెమెరాలో అంతా మసగ్గా ఉంటే నా కళ్ళలో నీళ్ళేమో అనుకున్నా. మామ బిగించింది కదా, తప్పుండదనుకున్నా. నీ రింగు మందం. రెండడుగులు దాటితే దానికేదీ ఆనదు. నాలుగో రోజున అమ్మ పోయింది."

మామ చేతిలోని ఆకురాయిని బల్ల మీద పెట్టాడు.

"తెలుసు," అన్నాడు, తలెత్తకుండా. "బిగించినప్పుడే తెలిసింది. ఇంకా అరగదీస్తే వంగిపోతుందని భయపడ్డా. కుదరలేదని చెప్పడానికి నోరు రాలేదు... ఆ ఫోటో ఉందా?"

అతను పర్సులోంచి తీసిచ్చాడు. అంతా తెల్లటి మసక. ముందుకి చాచిన ఒక చిన్న చెయ్యి మాత్రం, గోరుమీద రంగు పెచ్చులూడిన చోటుతో సహా, స్పష్టంగా ఉంది.

"ఇదెవరిది?" అన్నాడు మామ, ఆ చేతి మీద వేలు పెట్టి.

"మా అన్న కూతురిది. 'నానమ్మ నవ్వుతోంది, తొందరగా తియ్యి బాబాయ్' అంటూ అడ్డొచ్చింది."