నవ్వితేనే పడే ఫొటో

శ్రావణమాసం, 2009. బందరు కోనేరు సెంటరులో మల్లికార్జునరావు ఫొటో స్టూడియో. కెమేరా ఎదుట స్టూలు మీద గిలకలదిండి పడవల రేవు నుంచి వచ్చిన రావమ్మ.

“పడిందాండీ?”

“పడలేదమ్మా. నువ్వు నవ్వాలి.”

“నవ్వడమేంటండీ! మా ఆయన వేటకెళ్లి రెండు నెలలు. పడవా లేదు, మనిషీ లేడు. ఆయన పోయాడని రాసిన కాగితానికి అంటించే ఫొటోకి నవ్వమంటారా?”

“నేనెందుకంటానమ్మా, ఈ కెమేరా అంటోంది. మొహంలో నవ్వు కనిపిస్తేనే దానంతటదే ఫొటో తీస్తుంది. పెళ్లిళ్లకి బాగుంటుందని ఇరవై రెండు వేలు తగలేశాను.”

“ఆ మీటేదో నొక్కండి.”

“నొక్కితే పడదు. ఆ నవ్వు గోల ఎలా తీసెయ్యాలో మా కుర్రాడు శ్రీకాంత్‌కే తెలుసు. వాడు పెద్ద కెమేరా పట్టుకుని గుడివాడ పెళ్లికెళ్లాడు. ఫోనెత్తట్లేదు, ఆ మేళాల్లో వినపడి చావదు.”

“ఇంకో స్టూడియోకి పోతాను.”

“ఎవడున్నాడమ్మా? ఇవాళ ముహూర్తాలు. బందరు మొత్తం మీద ఒక్క ఫొటోగ్రాఫరు లేడు.”

“నాలుగింటికల్లా ఆఫీసులో ఇవ్వకపోతే కాగితం తీసుకోరంట, సర్కారు సాయం డబ్బులు రావంట. ఇవాళే ఆఖరు. ముగ్గురు పిల్లలండీ. రెండు రోజులైంది పొయ్యి వెలిగి.”

“అందుకే అంటున్నా. పిల్లల్ని తలుచుకో. ఒక్కసారి నవ్వు.”

“తలుచుకుంటే ‘నాన్నేడీ’ అంటున్నారండీ.”

“పోనీ, పళ్లు కనపడితే చాలు.”

“ఇదిగో... ఇట్టాగా?”

“అది ఏడుపమ్మా. దీన్ని మోసం చెయ్యలేం.”

“నా వల్ల కాదండీ! పోయాడంటే నేనే నమ్మట్లేదు. మా అత్త బొట్టు తియ్యమన్నా తియ్యలేదు. ఎట్టా నవ్వను?”

“మూడూముప్పావు అయింది తల్లీ.”

“తెలుసండీ! తెలుసు!”

“ఇటు చూడు. ఇటు, కెమేరాలోకి... రావమ్మా! మీ ఆయన పడవొచ్చిందంట! హంసలదీవి దగ్గర ఒడ్డుకి చేరిందంట!”

“ఆఁ? ఆయనున్నాడా? బతికే ఉన్నాడా? అమ్మా గంగమ్మ తల్లీ! నే చెప్పలా, వస్తాడని చెప్పలా! ఇంకెందుకండీ ఈ దరిద్రపు కాగితం, చింపి...”

“చింపకమ్మా! చింపకు!”

“ఎందుకండీ? వచ్చాడుగా?”

“ముందు ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా, ఫొటో అంటిస్తాను.”

“అన్నయ్యగారూ? మీకెవరు చెప్పారండీ?”

“ఫొటో పడిందమ్మా.”