గోడకు తగిలించని తాళంచెవి

హలో… ఆ, నేనే. టీనెకెనే.

… ఎవరూ, రైన్‌డరా? మూడు వారాల కిందట నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రైన్‌డరేనా?

… లేదులే, నిద్ర చెడగొట్టలేదు. పంతొమ్మిదేళ్లు నీ పూల కంపెనీ నెట్‌వర్క్ చూసినదాన్ని. నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది. ఉద్యోగం పోయిందని ఒంటికి ఇంకా తెలియలేదు… చెప్పు.

… ఆగు. నెమ్మదిగా. కొనుగోలు గదిని పై అంతస్తుకి మార్చావు. ఎప్పుడు?… నిన్న సాయంత్రం. ఆదివారం మదర్స్ డే పెట్టుకుని, బుధవారం సాయంత్రం. భేష్.

… కొత్త నెట్‌వర్క్ పెట్టెలు బిగించావు. దీపాలు?… నారింజ రంగులో కొట్టుకుంటున్నాయి. పచ్చబడట్లేదు. పాత పెట్టెలేవీ?… చెత్తలో వేశావా. బండి పట్టుకెళ్లిపోయిందా…

… నవ్వట్లేదు. రొట్టె గొంతుకు అడ్డం పడింది.

— టైమెంత?… అయిదు ముప్పై ఆరు. ఆరింటికి వేలం. నీ తరఫున వేలంలో కొనేవాళ్లందరూ వచ్చారా?… పదకొండు మందీ. నల్లటి కంప్యూటర్ తెరల ముందు కూర్చుని నీ మొహం చూస్తున్నారన్నమాట.

… ఫోన్లలోంచి కొనమనకపోయావా?… ఆ, అదైనా తెలుసు నీకు. ధర పైనుంచి జారుతూ ఉంటుంది, ముందు నొక్కినవాడిదే సరుకు. ఫోన్‌లో బొమ్మ వచ్చేలోపు గులాబీలన్నీ పక్కవాడి లారీ ఎక్కేస్తాయి.

… క్లౌడ్ చెడిపోయిందా? ఎవరన్నారు?

… క్లౌడ్‌కి ఏ జబ్బూ లేదు. దాని పని అది చేస్తోంది. కొత్త పెట్టె ఏదైనా సరే, క్లౌడ్ పేజీలో యజమాని 'ఇది మాదే' అని ఒప్పుకునేదాకా దీపం కొట్టుకుంటూ కూర్చుంటుంది. లేకపోతే దారిన పోయేవాడు ఏ పెట్టెనైనా తెచ్చి మన నెట్‌వర్క్‌లో దూర్చేస్తాడు. అయిదు కోల్డ్ స్టోరేజీలకీ ఒకే పేజీ, ఎక్కడినుంచైనా చూసుకోవచ్చని రెండేళ్లు నీ వెంటపడి పెట్టించింది నేను. అప్పుడు ఖర్చు దండగన్నావు. పెట్టాక, 'అన్నీ అదే చూసుకుంటుంటే ఇక మనిషెందుకు' అన్నావు.

… యజమాని ఎవరని నన్నడుగుతావేం?

… ఆ. నా పేరే. నీ ఫోన్‌లో ఉన్నది నెట్‌వర్క్ ఆపి వెయ్యడానికే, పెట్టెలు ఒప్పుకోవడానికి కాదు. పంపించేసిన రోజు తాళంచెవులు అడిగావు, ఇచ్చాను. కార్డు, బూట్లు, చలికోటు. కోటు గుండీలు కూడా సరిచూసుకున్నావు. ఈ ఒక్క తాళంచెవి మాత్రం అడగలేదు. గోడకు తగిలించి ఉండదు కదా, నీ కంటికి ఆనలేదు.

… పాస్‌వర్డ్ మార్చమంటే ఉత్తరం నా ఆఫీసు మెయిల్‌కే వెళ్తుంది. ఆ మెయిల్ ఎవరు మూయించారు?… గట్టిగా… నువ్వే. నేనింకా బయట సైకిల్ తాళం తియ్యనేలేదు.

… అమ్మినవాళ్లకి ఫోన్ చేశావా? ఏమన్నారు?… కాగితాలు పంపితే రెండు పనిదినాలు. మంచిదేగా. సోమవారానికి పచ్చబడతాయి. అమ్మలందర్నీ ఒక్క వారం ఆగమను.

… పాస్‌వర్డ్ చెప్పను… అరిస్తే ఫోన్ పెట్టేస్తా.

… ఆ, అలా మాట్లాడు. ల్యాప్‌టాప్ ఇక్కడే వంటింటి బల్ల మీదుంది. పని మూడు నిమిషాలది. కానీ నేను నీ మనిషిని కాను. లోపలికి వెళ్తే రేపు దొంగతనం అంటావు. నువ్వే అడిగావని ఆ పదకొండు మందీ వినాలి. స్పీకర్ పెట్టు.

… ఇంకా పెట్టలేదా. సరే, ఈలోపు రెండో సంగతి. నాల్డ్‌వైక్ గులాబీ రైతుల సంఘం నాకు ఉద్యోగం ఇస్తానంది. మొన్న నీకు ఫోన్ చేసి నా గురించి అడిగారు. ఏం చెప్పావు?

… ఏం చెప్పావు రైన్‌డర్?

… 'ఫిబ్రవరిలో నాలుగో కోల్డ్ స్టోరేజీ ఆవిడ చేతిలోనే పోయింది.' అదే కదా? ఈరోజు పదింటికి వాళ్లు తేల్చేస్తారు. నాకు యాభై మూడు. పూల బజారులో ఒకసారి ఆ మాట పడితే ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

… నీ డబ్బు వద్దు. పంతొమ్మిదేళ్లకి వీడ్కోలంటూ ఒక కాఫీ పోసి, ఒక్క బిస్కెట్టు ఇచ్చి, డబ్బాకి మూత పెట్టేశావు. నీ చెయ్యి ఎంత పెద్దదో చూశాను. నాకు నిజం కావాలి. వాళ్ల ముందు.

… 'సిస్టమ్ పొరపాటు.' మొదటి ధర అదా? చాలా ఎక్కువ. నేను నొక్కను.

… 'బిగించినవాళ్ల పొరపాటు.' ఇంకా దిగు.

… 'మనందరి పొరపాటు.' అందరూ అంటే? సీబ్రాండ్ ఆ గదిలోనే ఉన్నాడుగా. ముప్పై ఏళ్లుగా నీకు తులిప్ పూలు కొని పెడుతున్నాడు. ఆ పొరపాటులో ఆయన వాటా ఎంతో అడుగు.

— అయిదు నలభై ఆరు.

… పెట్టావా?… గుడ్ మార్నింగ్ సీబ్రాండ్. బాగున్నావా?… నేనా, ఉన్నాను. అందరూ వినండి. ఫిబ్రవరి సంగతి రైన్‌డర్ చెప్తాడు.

… 'జరిగింది' కాదు. చేసినవాడి పేరు చెప్పు.

… నాకు వినపడలేదు. సీబ్రాండ్, నీకు?… ఆయనకీ వినపడలేదట.

… ఆ… పోలండ్ నుంచి వచ్చిన అతిథికి. భోజనం దగ్గర. 'అయిదు స్టోరేజీలూ నా బొటనవేలి కింద' అని ఫోన్‌లో చూపిస్తూ నాలుగోదాని నెట్‌వర్క్ ఆపేశావు. తర్వాత?… సూప్ వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకున్నావు. నెట్‌వర్క్ మళ్లీ వెయ్యలేదు. చలి తగ్గితే మోగాల్సిన హెచ్చరికలన్నీ ఆ నెట్‌వర్క్ మీదే. తెల్లారేదాకా ఒక్కటీ మోగలేదు. చలిమిషన్ ఆగిన సంగతి ఎవరికీ తెలియక లోపలి పూలన్నీ వాడిపోయాయి.

… అవును సీబ్రాండ్, మర్నాడే తెలుసు. ఎవరు ఏ నిమిషంలో ఏం నొక్కారో ఆ పేజీలో ఉంటుంది. చెప్పొద్దన్నాడు. 'కంపెనీ పరువు' అన్నాడు, 'నీ ఉద్యోగం భద్రం' అని నాతో అన్నాడు. నోరు మూసుకున్నాను. ఆ సిగ్గు నాది, నేనే మోస్తాను. ఏప్రిల్‌లో అదే నేరం నా మీద వేసి, మీ ముందే పంపించేశాడు.

… నాల్డ్‌వైక్ వాళ్లతో నువ్వు మాట్లాడతావా సీబ్రాండ్?… పదింటిలోపు అయితే మేలు. నీకు రుణపడి ఉంటాను.

— ఇప్పుడు అడుగు రైన్‌డర్. లోపలికి వెళ్లి పెట్టెలు ఒప్పుకోమని… 'దయచేసి' అని కూడా… ఆ.

— తెరిచాను… ఎనిమిది పెట్టెలు. ఒప్పుకున్నాను. దీపాలు చూడు.

… నారింజేనా? ఊపిరి పీల్చు. సెట్టింగులన్నీ ఒక్కోదానిలోకి దిగాలి… అయిదు యాభై మూడు… ఒకటి పచ్చబడిందా?… మూడు… తెరలు వచ్చాయా సీబ్రాండ్?… అన్నీ. సరే, మంచి సరుకు దొరకాలి మీకు.

… స్పీకర్ తీసేశావా రైన్‌డర్? తీసేస్తావని తెలుసు.

… ఏమిటీ, తిరిగి రావాలా? జీతం పెంచి?… మరి అన్నీ చూసుకునే క్లౌడ్ ఏమైంది?

… పగ కాదు. పగ పట్టాలన్నా మనిషికి కొంత బరువుండాలి. ఇప్పుడు నువ్వు జీతం బేరమాడుతుంటే ఒక పని చేశాను. యజమానిగా నీ పేరు ఎక్కించాను. మెయిల్ వచ్చి ఉంటుంది, చూడు… ఒప్పుకున్నావా?… నా పేరు తీసేశాను. అయిపోయింది.

… చెడితే ఎవరికి ఫోన్ చెయ్యాలా? నాకేం తెలుసు? అయిదు స్టోరేజీలకీ ఆ పేజీలో ఇక ఒక్కటే పేరు.

… భయమేస్తోందా? వెయ్యాలి. నాకు పంతొమ్మిదేళ్లు రోజూ వేసేది. అందుకే నీ పూలు బతికాయి.

— ఆరయింది. పెట్టేస్తున్నా.