కాఫీ గోలీలు మింగిన కొమురయ్య

మాదాపూర్‌లో అద్దాల మేడల వెనక సందులో రాజమ్మ టీ బండి ఉంది. అక్కడ కొమురయ్య నోరు తెరిచాడంటే గ్లాసులో టీ చల్లారిపోయినా ఎవరూ కదలరు. చెప్పేదంతా కోతలని అందరికీ తెలుసు. తెలిసే వింటారు. పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్లకీ, కార్లో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన డ్రైవర్లకీ నిజాలు ఇంటి దగ్గర కావలసినన్ని ఉన్నాయి. అయితే ఆ రోజు సాయంత్రం నాలుగింటికి కొమురయ్య కొయ్యబోయిన కోత సరదాకి కాదు. దాని మీద అతని సంసారం నిలబడి ఉంది.

సంగతేమిటంటే, కొమురయ్య భార్య సత్తెమ్మ రోజూ బోరబండలో మొదటి బస్సెక్కి, ఇంకో బస్సు మారి, నార్సింగిలో సురేంద్ర అనే ఆయన ఇంటికి పోయి కాఫీ, టిఫిను చేసి పెడుతుంది. సురేంద్ర హిందూపురం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి, భార్య భార్గవితో, తల్లితో కలిసి ఉంటాడు. ఆయన తల్లి కమలమ్మ ఇత్తడి ఫిల్టరులో డికాక్షన్ దించడం సత్తెమ్మకి దగ్గరుండి నేర్పింది. ఆ పొద్దున సత్తెమ్మ చెప్పులేసుకుంటూ అంది:

"ఆళ్ళు కాఫీ మిషిన్ కొంటరట. గోలీలు ఏస్తె కాఫీ అయితదట. టిఫిన్‌కు ఓట్స్ చాలు, కాఫీ కోసమేనాయె మనిషిని పెట్టుకున్నది అంటున్నది భార్గవి మేడం. సారుకే మనసు ఎటూ తేలుతలేదు."

అంతే చెప్పి బస్సుకి పరిగెత్తింది. మూడేళ్ళుగా కొమురయ్యకి నిలకడైన పని లేదు. ఈ నెల ఒక పార్కింగులో కాపలా, వచ్చే నెల ఎక్కడో తెలియదు. పొయ్యి మీద గిన్నె పెట్టినా, ఇంటి కిరాయి కట్టినా అదంతా సత్తెమ్మ కాచే ఆ కాఫీ చలవే.

ఇప్పుడు ఆ సురేంద్రే రాజమ్మ బండి ముందు నిలబడి ఫోన్లో మెషీన్ బొమ్మలు చూస్తున్నాడు. కమలమ్మ పుట్టినరోజు ఫొటో ఒకటి సత్తెమ్మ ఫోన్లో ఉంది, అందులో కేకు పక్కనున్న మొహం ఇదేనని కొమురయ్య చూడగానే పోల్చుకున్నాడు. సురేంద్ర పక్కనున్న ఆఫీసు క్యాబ్ డ్రైవర్ ఐలయ్యని అడుగుతున్నాడు.

"మీ ఆఫీసులో ఉండాది కదన్నా ఈ మిషిను. ఇంటికి కొనొచ్చునా? ఈ పొద్దుతో ఆఫర్ అయిపోతాది."

"అయ్యా, నేను సత్తెమ్మ మొగుణ్ణి, ఆమె పని తీసెయ్యకండి" అని ఒక్క మాట అడిగేస్తే పోయేది. కానీ అడగడానికి నోరేది? నా పెండ్లాం ఒకరింట్ల గిన్నె ముట్టదు, బోరబండల రాణి లెక్క కూసుంటది అని ఇదే బండి దగ్గర మూడేళ్ళుగా చెబుతున్నాడాయె. వినేవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. అందుకని తనకి చేతనైన దారే పట్టాడు.

"ఆ మిషిన్ సంగతి నన్నడుగుండ్రి సార్" అని ముందుకి జరిగాడు. "ఐలయ్య బండి తోలుతడు, ఆయనకేం ఎరుక? ఆ ఆఫీసు తొమ్మిదో అంతస్తుల, కాఫీలు కలిపే ప్యాంట్రీల పన్నెండేండ్లు చేసిన నేను. మిషిన్ వచ్చిన్నాడు డబ్బా విప్పింది ఈ చేతులే. ఫస్టు కప్పు తాగింది ఈ నోరే. ఎట్లుండె తెల్సా? తుప్పు పట్టిన నల్లా నీళ్ళు. పాలు పోసినా గంతే, చక్కెర ఏసినా గంతే. ఫిల్టర్ కాఫీ తాగిన పెద్దమనుషులు ఇంట్ల ఉంటె ఒక్క గుటక మింగరు సార్, ఊంచేస్తరు."

సురేంద్ర నిట్టూర్చాడు. "మా అమ్మ గూడా అదే అంటాదన్నా. మా ఇంట్లో సత్తెమ్మ అని ఒకాయమ్మ చేస్తాది కాఫీ. అబద్ధమెందుకు, మా అమ్మ చేతి కాఫీ కన్నా బాగుంటాది."

కొమురయ్య గుండె ఉప్పొంగింది. జన్మలో గొప్పగా చెప్పుకోదగ్గ నిజం ఒకటి దొరికింది, అదొక్కటే చెప్పుకోవడానికి లేకపోయింది.

"వద్దులే అయితే. ఇంట్లో చెప్పేస్తా" అని సురేంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అయిపోయింది. పని గట్టెక్కింది. తెలివైన వాడెవడైనా అక్కడితో నోరు మూసుకుని, బీడీ వెలిగించుకుని గేటు దగ్గరికి పోయేవాడు. కానీ రాజమ్మ టీ వడపోస్తూ, "అటెన్క ఏమైంది కొమురన్నా?" అంది. ఆరుగురు ఇటు తిరిగారు. ఇంటి దగ్గర అతని మాటకి ఊ కొట్టే దిక్కు లేదు. ఇక్కడ ఆరు మొహాలు ఎదురుచూస్తుంటే కొమురయ్య ఎలా ఆగుతాడు, పాపం?

"అటెన్క ఏమైందో తెల్సా? ఆ కాఫీ తాగిన సారోళ్ళకు నిద్ర పోయింది. ఒక దినం కాదు, రెండు దినాలు కాదు, తొమ్మిది దినాలు! మూడు వందల మంది, ఒక్కరు రెప్ప కొడ్తలేరు. ఏసీ గాలికి కండ్లు ఎండి పెంకులైతుంటె నేనే గిలాసల నీళ్ళు పట్కొని సీటు సీటుకు పోయి చుక్క చుక్క ఏసిన. ఇండ్లకు పోరు. ఇండ్లల్లకెల్లి ఫోన్లు. ఒక సారుకు, పేరు చెప్పొద్దు గాని, సొంత బిడ్డ ఫోన్ చేసి నాయినా అంటె, మీరెవరు, మీ కంప్లెయింటు టికెట్ నంబర్ చెప్పుండ్రి అన్నడు."

"అయ్యో, పాపం పిల్ల" అంది రాజమ్మ.

"ఆగు, ఇంక ఉన్నది. పదో దినం మనుషులు నిలవడ్డకాడ్నే బిగుసుకపోయిండ్రు. పడుడు సుత లేదు, నిద్రొస్తెనే కద పడేది! నలభై మందిని గోడకు చీపుర్లు చేరవెట్టినట్టు చేరవెట్టినం. దవాఖాన బండి వచ్చింది, డాక్టర్ చెయ్యి పట్టి చూసి ఏమన్నడో తెల్సా? నాడి ఉన్నది గాని మనిషి లేడు అన్నడు."

వింటున్నవాళ్ళలో ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. అలాంటి మొహాలని వాళ్ళు రోజూ కార్లలో ఎక్కించుకుంటూనే ఉన్నారు.

"మరి నువ్వేం జేసినవే అన్నా?" అన్నాడు ఐలయ్య, ఆట పట్టిస్తూ.

"నేనా? మా ప్యాంట్రీల మిగిలిన పదిమంది ఉండిరి కద, ఒక్కడు నిలవడలే, అందరు లిఫ్టుల దుంకి ఉరికిండ్రు. చేతగానోళ్ళు! ఒక్క బటన్ ఒత్తుడు రాదు వాళ్ళకు. కంపెనీ తీసేసిందంటె ఎందుకు తియ్యది? నన్నయితె పెద్ద సారు రెండు చేతులు పట్టుకొని, కొమురయ్యా, నువ్వు పోతె ఈ కంపెనీ ఉండది అన్నడు."

ఐలయ్య మొహంలో నవ్వు పోయింది. గ్లాసు బండి మీద పెట్టేశాడు. ఆ పదిమందిలో ఒకరు అతని సొంత అక్క పోచమ్మ. అది కొమురయ్యకి తెలియనిదేం కాదు. కానీ కథ ఎత్తుకున్నాక అతనికి ఎదుటివాళ్ళ చెవులు కనిపిస్తాయి గాని మొహాలు కనిపించవు.

"ఇగ ఆ మిషిన్ మర్మమేందో చూడాలె అని, రెండు గోలీలు తీసి నోట్లేసుకొని గుటుక్కున నీళ్ళు తాగిన. సార్, నెత్తురు సలసల మసులుతుంటె ఈ చెవులతోని విన్న! నలభై దినాలు మంచం ముట్టలే. లిఫ్టు కంటె ముందు మెట్లెక్కి పోతుంటి. మూడు వందల మందికి ఒక్కన్నే కాఫీ కాసిన. గోడకు చేరవెట్టినోళ్ళను ఒక్కొక్కల్ని భుజం మీద ఏసుకొని జోల పాడిన. నా పాటకు వాళ్ళు పండిండ్రు, కింది అంతస్తు పండింది, మీది అంతస్తు పండింది, ఎదురు బిల్డింగు పండింది, సిగ్నల్ కాడ కార్లు ఆగినయ్ ఆగినట్టే. హైటెక్ సిటీ మొత్తం గుర్రు వెట్టింది! అమెరికాల వాళ్ళు ఫోన్ చేస్తె ఎత్తేటోడు లేక అక్కడ రెండు దినాలు బ్యాంకులు బంద్!"

"ఎన్ని మింగినావన్నా?" అని అడిగాడు సురేంద్ర.

"రెండు సార్. పొద్దుగాల ఒకటి, మాపటికొకటి. జరమొస్తె మింగుతం చూడుండ్రి, గట్లనే."

ఆ కాఫీ గోలీని క్యాప్సూల్ అంటారని కొమురయ్య విన్నాడు గాని వస్తువుని చూడలేదు. క్యాప్సూల్ అంటే అతనికి సర్కారు దవాఖానలో కాగితంలో చుట్టి ఇచ్చే ఎర్ర పసుపు గోలీ. సత్తెమ్మా అదే అనుకుని గోలీ అనే చెప్పింది.

సురేంద్ర జేబులోంచి మళ్ళీ ఫోన్ తీశాడు. బొమ్మ పెద్దది చేసి కొమురయ్య వైపు తిప్పాడు. "ఇదేనా అన్నా, నువ్వు మింగింది?"

తెర మీద రేకు మూత అతికించిన అల్యూమినియం గిన్నె ఉంది. చిన్నదే, దీపం ప్రమిదంత. అది మింగేది కాదు, మెషీన్లో పెడితే దాని లోపలి పొడిలోంచి వేడినీళ్ళు దిగుతాయి. రాజమ్మ తొంగి చూసి పడీపడీ నవ్వింది.

"గిన్నె మింగినవా కొమురన్నా? ఎట్ల దిగిందే గొంతుల?"

"అప్పట్ల... అప్పట్ల జర చిన్నగ వస్తుండె" అన్నాడు కొమురయ్య.

ఐలయ్య నవ్వలేదు. "ఆయనకెట్ల తెలుస్తది సార్? ఆ మిషిన్‌ను ఆయన ముట్టనే లేదు. డబ్బా విప్పక ముందే పదకొండు మందిని కిందికి పిలిచి, మెడల కార్డులు గుంజుకొని పంపిండ్రు. నా బండ్లనే ఇండ్లకాడ దింపిన. మా అక్క పోచమ్మ అండ్లనే ఉండె, అక్కడ కప్పులు కడుగుతుండె. ఎవ్వరు ఉరకలే, ఎవ్వరు చేతగానోళ్ళు కాదు. ఈయన నా పక్క సీట్ల కూసొని బోరబండ దాంక ఏడ్సిండు. మా అక్కనే కొంగుతోని కండ్లు తుడిసింది. గామెను పట్టుకొని చేతగానిది అంటడా?"

రాజమ్మ పొయ్యి మంట తగ్గించింది. కొమురయ్యకి తల ఎత్తాలనిపించలేదు.

సురేంద్ర చెడ్డవాడు కాదు. అతనికీ ఆ మాట బాధగానే అనిపించింది. అనిపించినా, మనిషి ఒక వస్తువు కొనాలా వద్దా అని వారం రోజులుగా కొట్టుకుంటున్నాడు.

"పదకొండు మంది పని ఆ మిషినొక్కటే చేస్తాదా?"

"చేస్తది సార్" అన్నాడు ఐలయ్య.

"రిపేరుకి రాలేదా ఎప్పుడూ?"

"మూడేండ్లాయె. రోజు పోయేది ఆ ఆఫీసుకే కద, ఒక్క దినం ఆగిందని వినలే."

సురేంద్ర తల ఊపాడు. కొమురయ్య కోసిన కోతలకి వద్దనుకున్న మనసు ఐలయ్య చెప్పిన నాలుగు నిజాలకి కొనడానికే కుదిరిపోయింది. "మూడు వందల మందికి తట్టుకునిందంటే, ఇంట్లోకి వాళ్ళదే చిన్నది తీసుకుంటే మా ముగ్గురికి ఏం ఢోకా లేదులే. రుచి అంటావా, అలవాటైపోతాది" అని తనలో తను అనుకున్నట్టు అంటూ వేలితో తెర జరిపాడు.

ఇంక పరువేమిటి, రాణి ఏమిటి. కొమురయ్య సురేంద్ర చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, కొనకుండ్రి సార్. మీ కాళ్ళు మొక్కుత. సత్తెమ్మ నా పెండ్లామే సార్. మీ ఇంట్ల కాఫీ కాసేది నా పెండ్లామే."

బండి దగ్గరున్నవాళ్ళంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఇందాక సారు చెప్పిన పేరునే పట్టుకున్నాడని అందరికీ అర్థమైపోయింది. రాజమ్మకి నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి. "ఇది అన్నిటికన్న పెద్దది కొమురన్నా! గడప దాటదంటివి కదనె నీ పెండ్లాం?" అంది. ఐలయ్య కూడా అసహ్యంగా మొహం తిప్పుకున్నాడు.

"నిజం సార్. ఒట్టు సార్. కమలమ్మ గారు నేర్పిన కాఫీ..." అంటే ఇంకా నవ్వారు.

సురేంద్ర కూడా నవ్వి అతని భుజం తట్టాడు. "అమ్మ పేరు గూడా నా ఫోన్లో చూసి పట్టేసినావే! నువ్వు భలే ఉండావన్నా. మా సత్తెమ్మ మొగుడు దుబాయ్‌లో ఉండాడు."

"దుబాయ్‌లనా?" అన్నాడు కొమురయ్య. ఆ బండి దగ్గర అతను వినేవాడిగా మారి ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఊ. పెద్ద హోటల్లో హెడ్డు. వెయ్యిమందికి ఒక్కడే కాఫీ కాస్తాడంట. ఆయన సెలవు పెడితే షేకులు ఆ రోజు కాఫీ ముట్టనే ముట్టరంట. పొయ్యి కాడ నిలబడుకోని మా అమ్మకి రోజూ చెప్తాది, చెప్తా ఉంటే మొహం వెలిగిపోతాది. ఆయమ్మకేం కష్టం లేదన్నా, ఇంట్లో పొద్దుపోక వస్తాది. లేకుంటే మాన్పించేకి నాకు మనసొప్పునా?"

కొమురయ్య పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. మూడేళ్ళలో తన కథ ఒక్కటీ సత్తెమ్మ చెవికెక్కించుకోలేదనుకున్నాడు. అంత పెద్ద కోత, ఎవరి దగ్గర నేర్చుకుందో! అతనికి కోపం రాలేదు, సిగ్గు కూడా వెయ్యలేదు. ఆమె అలా చెబుతుండగా చాటు నుంచి ఒక్కసారి వినాలనిపించింది.

సురేంద్ర ఫోను మీద చివరిసారి వేలు నొక్కి తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

"అయిపాయె. రేప్పొద్దున ఏడుకంతా తెచ్చిస్తారంట. ఆ టయానికి మేమెవరం లేచుండం. సత్తెమ్మ ఉంటాదిలే, తీసుకుంటాది."