వేపతోరణం దాటని లారీ

నా పేరు పరిమళ. తండ్రి గోవిందన్, రేవులో సరుకు దించే పని చేసేవారు, ఇప్పుడు లేరు. నా వయసు ఇరవై మూడు. సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడిలో గ్రంథాలయ సహాయకురాలిని. రాయపురంలో చేపలరేవు వెనక సందులో, మా పెద్దమ్మ చెల్లమ్మ ఇంట్లో ఉంటాను.

మేజిస్ట్రేటుగారు నన్ను గట్టిగా చెప్పమని పలుమార్లు అడిగారు. గుమాస్తాగారు ఫ్యాను కూడా ఆపారు. అయినా నా మాట వారికి వినబడలేదు. అందువల్ల నా వాంగ్మూలాన్ని నేనే రాసి, తర్వాత పైకి చదవడానికి అనుమతి ఇచ్చారు. నాకు బాగా రాయవచ్చిన భాష తెలుగు. తమిళంలో జరిగిన మాటలను కూడా తెలుగులోనే రాస్తున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఆశపెట్టలేదు.

నేను చెప్పవలసినవి రెండు. మా సందులో పశువుల బేరగాడు కామరాజు జబ్బు పశువులను నిషేధం ఉండగా బయటికి తరలించబోయాడన్నది ఒకటి. నేను అతని లారీకి అడ్డం కట్టానని అతను పెట్టిన ఫిర్యాదు రెండోది. రెండూ ఒకే ఉదయం జరిగాయి. రెండూ నిజమే.

మా సందుకు దారి ఒకటే. రెండో కొసన రేవు గోడ ఉంది. దారి మొదట్లో మా ఇల్లు, గోడ దగ్గర కామరాజు కొట్టం. మధ్యలో ఉన్నవాళ్ళలో చాలామంది ఆవులను సాకే తెలుగువాళ్ళే. తెల్లవారి పాలు పితికాక ఆవులను వీధిలోకి వదులుతారు. అవి సంత దగ్గర కూరగాయల తుక్కు తిని సాయంత్రానికి వాటంతట అవే ఇల్లు చేరతాయి. ఏ ఆవూ దారి తప్పిందని నేను వినలేదు.

మా సందులో ఒక ఆచారం ఉంది. మనిషికైనా గొడ్డుకైనా ఒంటిమీద బొబ్బలు లేస్తే అమ్మ వచ్చిందంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు. మండలున్న ఇంట్లోకి బయటివాళ్ళు పోరు. ఆ ఇంటినుంచి పాలు, నిప్పు, అమ్మ వచ్చిన గొడ్డు ఏదీ బయటికి రాదు. అమ్మకు నీళ్ళు పోసి మండలు దించేవరకు అంతే. దాన్ని జబ్బు అనరు. డాక్టరుకు చెప్పరు. చెబితే అమ్మకు కోపం వస్తుందని భయం.

ఈ సంవత్సరం జూలై చివర కామరాజు గేటుకు మండలు కనబడ్డాయి. ఎవరూ ఏమీ అడగలేదు. అతను జబ్బు ఆవును లోపల ఉంచి మిగతావాటిని ఎప్పటిలాగే వీధిలోకి తోలాడు. తప్పు అక్కడ జరిగింది. కొద్ది రోజులకే మా ఆవు మల్లి ఒంటిమీద నిమ్మకాయలంత గడ్డలు లేచాయి. మల్లి మేత మానేసింది. పెద్దమ్మ మా గేటుకు మండలు కట్టి, పసుపునీళ్ళు చల్లి, మిగతా మూడింటినీ వదలబోయింది. వాటిలో గౌరి నిండు చూలుతో ఉంది.

నేను గేటు పట్టుకున్నాను. ఇది ముద్దచర్మ వ్యాధి అని, ఈగలూ దోమలూ ఒక గొడ్డునుంచి ఇంకో గొడ్డుకు మోస్తాయని బడికి వచ్చే పత్రికలో చదివాను. పశువు యజమాని దీన్ని దాచకూడదని, వెంటనే ప్రభుత్వానికి తెలపాలని, జబ్బు పశువును వేరుగా ఉంచాలని చట్టం ఉన్నట్టు కూడా అందులోనే ఉంది. అదంతా పెద్దమ్మకు చెప్పాను.

పెద్దమ్మ అంది: "ఏం మే, అమ్మ వస్తే సర్కారుకి చెప్తారా యాడైనా? అమ్మ మీద పిటీషన్ పెడతావా?"

"అమ్మ మీద కాదు పెద్దమ్మా. ఈగల మీద."

ఆమె నవ్వలేదు. అయితే గౌరి కడుపుకేసి చూసింది. గేటు వదిలేసింది.

నాకు ఫోనులో మాట్లాడటం చేతకాదు. చెప్పవలసినవి ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత పశువైద్యాధికారి డాక్టర్ శేషాద్రిగారికి ఫోను చేశాను. ఆయన ఆ మధ్యాహ్నమే వచ్చారు. నమూనాలు తీసుకున్నారు. వ్యాధి ఖాయమయ్యాక మా సందునూ చుట్టుపక్కల వీధులనూ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. ఏ పశువూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. జబ్బులేనివాటికి టీకాలు వేశారు. మా గేటు పక్క కరెంటు స్తంభానికి ప్రకటన బోర్డు కట్టించారు. డాక్టరుగారు అందరినీ పిలిచి చెప్పిన మాట ఇది: "ఒక్కటి కూడా బయటికి పోకుండా, కొత్తగా ఎక్కడా పుట్టకుండా ఉంటే నెల రోజుల్లో మీ సందు తెరుస్తాం. ఒక్కటి జారినా మళ్ళీ మొదటినుంచి లెక్క."

ఫోను చేసింది నేనని సందంతా తెలిసింది. వీధి తిరిగే అలవాటున్న ఆవులు కట్టేస్తే పగలంతా అరిచాయి. ఆ అరుపుల మధ్య నేను బడికి పోయేదాన్ని. ఎదురింటి ఆరోగ్యమేరి అక్క వాకిట్లో నిలబడి అనేది: "పుస్తకాలు చదివిన పిల్లకి పేడ కంపు కొడతాండాది గదా, అందుకే గొడ్లని జైల్లో పెట్టించింది." నేను తల వంచుకుని పోయేదాన్ని.

పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. చెప్పవలసింది ఉంటే గౌరితో చెప్పేది. "గౌరీ, దానికి చెప్పు, ఉట్టిలో పులుసు ఉండాదని." "గౌరీ, దాని మాట మీదే నిన్ను కట్టేసినా. నీకేమన్నా అయితే అప్పురం దాని మొహం చూడను."

నేను రోజూ గౌరి ఒంటినిండా చేత్తో తడిమి చూసేదాన్ని. గడ్డలు లేవు.

ఆగస్టు పదిహేను ఉదయం ఆరున్నరకు బడిలో జెండా పండుగకు బయల్దేరాను. తెల్లచీర కట్టుకున్నాను. పిన్నీసుతో భుజం దగ్గర చిన్న జెండా పెట్టుకున్నాను. సందు మొదట్లో రోజూ ఉండే కానిస్టేబులును ఆ పూట వేరేచోట బందోబస్తుకు పంపారు. కామరాజు కొట్టం ముందు లారీ ఆగి ఉంది. ఆరు ఆవులను ఎక్కిస్తున్నారు. అతని గేటుకు మండలు లేవు. అమ్మకు నీళ్ళు పోసిన గుర్తులూ లేవు. నీళ్ళు పోస్తే సందంతటినీ పిలుస్తారు.

నేను వెళ్ళి అడిగాను. "అన్నా, బండి యాడికి?"

"ఎన్నూరుకి, పాపా. గాలి మార్పుకి."

ఎన్నూరుకు గాలి మార్పు కోసం ఎవరూ పోరు. డ్రైవరు ఆంటో అనే అతను నవ్వాడు. ఎన్నూరు వాగు పక్కన ఒకరి పాక దగ్గర దించుతున్నామని అతనే చెప్పాడు. ఆ వాగు పొడుగునా గొడ్లను సాకేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గొడ్లకు ఇంకా టీకాలు పడలేదని డాక్టరుగారు అంతకుముందే నాతో అన్నారు.

నేను సందు మొదట్లో స్తంభం మీద ఉన్న బోర్డును చూపించాను. కామరాజు, "ఆ బోర్డు పాలోళ్ళకి. నేను బేరగాణ్ణి. నువ్వు పోయి జెండాకి సెల్యూట్ కొట్టు" అన్నాడు. బోర్డు మీద ఉన్నదంతా నేను కంఠతా పైకి చెప్పాను. ఇంజను స్టార్టు చేశారు. నా గొంతు నాకే వినబడలేదు.

పోలీసుస్టేషనుకు ఫోను చేశాను. వస్తున్నామన్నారు. డాక్టరుగారికి చేశాను. ఆయన ఎన్నూరులోనే టీకాల పనిమీద ఉన్నారు. "నేను వచ్చేలోపు లారీ కోస్టు రోడ్డు ఎక్కితే వందల లారీల్లో కలిసిపోతుంది. పోలీసులు వచ్చేవరకు చూస్తూ ఉండండి. గొడవ పడకండి" అన్నారు.

నేను గొడవ పడలేదు. గొడవ పడటం నాకు రాదు. లారీలోకి ఇంకా ఆవులను ఎక్కిస్తూనే ఉన్నారు. మా ఇంటికి పరుగెత్తాను. మా గేటుకు ఉన్న వేపమండలు విప్పాను. పెద్దమ్మ పూలు కట్టే నార తీసుకుని, మండలను వరసగా దానికి ముడివేశాను. ఒక కొస మా గేటుకు, రెండో కొస ఎదురుగా ఆరోగ్యమేరి అక్క కిటికీ ఊచకు కట్టాను. ఒక ముడి నిలవలేదు. జెండాకు పెట్టుకున్న పిన్నీసు తీసి అక్కడ గుచ్చాను. జెండాను జడలో పెట్టుకున్నాను. తోరణం సందుకు అడ్డంగా, లారీ అద్దం ఎత్తున వేలాడింది.

మండలు అబద్ధం కాదు. మల్లి ఒంటిమీద గడ్డలు ఇంకా మానలేదు. మా సందులో అమ్మ ఉందనే ఆ మండలు చెప్పాయి, ఉన్నది కాబట్టే చెప్పాయి.

లారీ వచ్చింది. తోరణానికి బారెడు దూరంలో ఆగింది. ఆంటో తల బయటికి పెట్టాడు.

"ఎవరింట్లోనమ్మా?"

"మా ఇంట్లో. కామరాజన్న కొట్టంలో కూడా. మీ బండిలో కూడా."

ఆంటో ఇంజను ఆపేశాడు. అప్పుడు నా మాట నాకు వినబడింది.

కామరాజు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏందిరా ఆపినావు? నార అది. పోనీ."

"అన్నా, అమ్మ ఉండాదంట."

"నువ్వు మాతా కోవిల చర్చికి పోయేవాడివి గదా. నీకేం అమ్మ?"

"ఆదివారం మాతా కోవిలకే పోతా. మంగళవారం మా ఇంటిది మారియమ్మకి అంబలి కూళు పోస్తాది. ఇద్దరితో నాకు తగువు లేదు. ఇప్పుడు నువ్వు పెట్టొద్దు."

"అయితే తెంచి పో."

"నువ్వే తెంచు అన్నా. నీ చేత్తో. నేను కళ్ళు మూసుకుంటా."

కామరాజు తోరణం దగ్గరికి వచ్చాడు. చేయి ఎత్తాడు. వాకిళ్ళలో ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఆ నార మల్లెపూలు కట్టే నార. చిన్న పిల్ల అయినా తెంచగలదు. అతను చేయి దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. జూలైలో తన గేటుకు మండలు కట్టింది అతనే.

అప్పుడు పెద్దమ్మ బయటికి వచ్చింది. చేతిలో పసుపునీళ్ళ చెంబు ఉంది. తోరణం కింద నీళ్ళు చల్లి, అక్కడే పీట వేసుకుని కూర్చుంది.

"ఈడ అమ్మ ఉండాది," అంది. "ఆడ సర్కారు బోర్డు ఉండాది. రెండూ ఒకే మాట చెప్తా ఉండాయి. నువ్వేంది కామరాజూ, ఇద్దరికన్నా పెద్దోడివా?"

"అక్కా, ఆ పిల్ల మాట పట్టుకుని..."

"ఆ పిల్ల కాదు. నా బిడ్డ."

పెద్దమ్మ ఈ మాట గౌరితో చెప్పలేదు. కామరాజుతో, నలుగురూ వినేలా చెప్పింది. ఇది కేసుకు అవసరమో కాదో నాకు తెలియదు. కానీ జరిగింది జరిగినట్టు రాయమన్నారు.

ఆరోగ్యమేరి అక్క వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుంది. "నా కిటికీకి కూడా కట్టింది మే, అడగనైనా అడగలా" అని నాకేసి చూసి, కొంగు నడుముకు దోపుకుని ఇంకాస్త స్థిరంగా కూర్చుంది. తర్వాత మిగతా ఆడవాళ్ళు వచ్చారు. ఎవరూ లారీని ముట్టలేదు. ఎవరూ తిట్టలేదు. ఎవరో టీ తెచ్చారు. ఆంటోకు కూడా ఇచ్చారు. అతను దిగి తాగాడు. లారీ అద్దం పగలగొట్టానని ఫిర్యాదులో ఉంది. ఆ అద్దం అంతకుముందే పగిలి ఉంది, దానికి అతికించిన టేపు పాతది.

పోలీసువారు వచ్చారు. వారి వెనకే డాక్టరుగారు మోటారుసైకిలు మీద వచ్చారు. ఆవులను దించి చూశారు. రెండింటి ఒంటికి పేడ దట్టంగా పూసి ఉంది. నీళ్ళు పోసి కడిగితే గడ్డలు బయటపడ్డాయి. ఆరింటినీ తిరిగి కొట్టంలోకి తోలి గేటుకు ముద్ర వేశారు. ఎన్నూరుకు ఒక్కటి కూడా పోలేదు.

పోలీసువారు స్వాధీనం చేసుకున్న తోరణంలో ఒక కొసన ఆకులు లేవు. అవి కామరాజు పీకినవి కావు. అతనికి అన్యాయం జరగకూడదు. ఆ హడావిడిలో ఎవరిదో మేక తినింది. పిన్నీసు నాది.

డాక్టరుగారు తోరణాన్ని ఒకసారి, బోర్డును ఒకసారి చూసి, "నేను బోర్డు మాత్రమే కట్టించాను. లారీ ఆగింది మాత్రం మీరు కట్టినదానికి" అన్నారు. ఆ సాయంత్రమే పెద్దమ్మ మా గేటుకు కొత్త మండలు కట్టింది.

ఆ తర్వాత మా సందులో గాని, ఎన్నూరులో గాని కొత్తగా ఒక్క పశువుకూ వ్యాధి రాలేదు. మల్లి గడ్డలు మాని, మచ్చలు మిగిలాయి. సెప్టెంబరులో గౌరి ఈనింది. పెయ్యదూడ. ఒంటిమీద ఒక్క మచ్చ కూడా లేదు. జున్నుపాలు వాకిట వాకిటికీ నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆరోగ్యమేరి అక్క గిన్నె నిండా తీసుకుని, "ఇంతేనా?" అని అడిగింది.

నిషేధం ఎత్తేసిన రోజున డాక్టరుగారు బోర్డు విప్పడానికి వచ్చారు. పెద్దమ్మ ఆయన్ను ఆగమని, అమ్మకు నీళ్ళు పోసి, మండలు తన చేత్తో దించింది. అప్పుడు ఆయన బోర్డు విప్పారు. ఇద్దరూ నాకేసి చూశారు. నేను మా గేటు తీశాను, మిగతావాళ్ళూ తమవి తీశారు. సందులోని ఆవులన్నీ ఒక్కసారిగా వీధిలోకి నడిచాయి. మల్లి అన్నిటికంటే ముందు నడిచింది.

నేను లారీకి అడ్డం కట్టిన మాట వాస్తవం. మళ్ళీ అవసరం వస్తే మళ్ళీ కడతాను.

ఇందులో రాసినవి నా కళ్ళతో చూసినవి, నా చేతులతో చేసినవి. కలిపింది ఏదీ లేదు, దాచింది ఏదీ లేదు. దీన్ని మేజిస్ట్రేటుగారి ఎదుట నిలబడి, ఫ్యాను తిరుగుతుండగా, మొదటినుంచి చివరివరకు నేనే పైకి చదివాను. మళ్ళీ చెప్పమని ఎవరూ అడగలేదు.

(సంతకం)
జి. పరిమళ